రుషికొండ అలలు: యాప్‌ల పచ్చగ చూపిస్తది, దిగితే నిలవడనియ్యది

నల్గొండ_నురుగు
వినాయక చవితి సెలవులల్ల నలుగురం దోస్తులం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వైజాగ్ పోయినం, రుషికొండల సర్ఫింగ్ (బోర్డు మీద నిలవడి అల మీద జారుడు) నేర్చుకుందామని. వారం ముందు సంది ఫోన్ల అలల యాప్ చూస్తనే ఉన్నం. మేం పోయే రోజుకు పచ్చ గీత, పక్కన "బాగుంది" అని. అల 1.6 మీటర్లు, పీరియడ్ (ఒక అల వచ్చినంక ఇంకో అల వచ్చేదాకా పట్టే టైం) 11 సెకన్లు, గాలి నైరుతి నుంచి 14 నాట్లు, అంటే గంటకు 26 కిలోమీటర్ల లెక్క. తీరా పోతే నేర్పే పిల్లగాడు సముద్రం దిక్కు ఒకసారి చూసిండు, మా దిక్కు ఒకసారి చూసిండు, "మోకాళ్ల దాకానే అన్నా" అన్నడు. ఆ మోకాళ్ల నీళ్లల్లనే అల బోర్డును లేపి నా దవడకు కొట్టింది. మావోడు ఒకడు ఉప్పునీళ్లు మింగి ఒడ్డు మీద కూసుండు, మల్ల దిగితే ఒట్టు. ఇప్పుడు సంక్రాంతి అయినంక ఇంకోసారి పోదామంటున్నరు. యాప్ తప్పు చెప్పిందా, దాన్ని చదివే లెక్క వేరే ఉన్నదా? తెలిసినోళ్లు చెప్పున్రి. "సముద్రం మనకెందుకు" అనేటోళ్లు జెర పక్కకు జరగున్రి.

మిర్యాల_బియ్యంబస్తా
పచ్చ గీత చూసి పోయినవా తమ్మి. మా దగ్గర హైవే మీద సిగ్నల్ పచ్చగున్నా లారీ వస్తున్నదా లేదా చూసుకునే దాటుతం.

దేవరకొండ_పెద్దాయన
పక్కకు జరుగుత గాని ఒక్క మాట అడిగి జరుగుత. సముద్రం మనకెందుకు?

సాగర్_గట్టు
పెద్దాయన షురూ చేసిండు 😀

పాలమూరు_పోరడు
అన్నా ముందు యాప్‌ల టైం ఏదున్నదో చూడు. కొన్నిట్ల గ్రీన్‌విచ్ టైం ఉంటది. అండ్ల పొద్దుగాల 6 అంటే మనకు పదకొండున్నర. అప్పటికి గాలి మొత్తం మారిపోతది.

నల్గొండ_నురుగు
చూసిన తమ్మి, మన టైమే ఉన్నది. మేం నీళ్లల్ల దిగింది మాత్రం పది దాటినంకనే. టిఫిన్ కాడ లేటైంది.

రుషికొండ_ఉప్పుగాలి
నాది వైజాగే, రుషికొండలోనే ఎక్కువగా దిగుతుంటాను. నేర్పడం నా పని కాదు, ఉద్యోగం వేరే ఉంది.

యాప్ అబద్ధమేటీ ఆడలేదు బాబూ. 1.6 మీటర్లు 11 సెకన్లు అంటే సర్ఫింగ్ వచ్చినోడికి నిజంగానే మంచి రోజు. ఆ రంగులు, ఆ చుక్కలు అన్నీ వాడి కోసం పెట్టినవి. విరగని కెరటం ముఖం మీద జారేవాడికి ఎత్తు కావాలి, బలం కావాలి. మొదటిసారి వచ్చినోడికి కావాల్సింది విరిగిపోయిన కెరటం, ఒడ్డుకి నురుగ్గా పరిగెత్తే తెల్లనీళ్లు. అది నడుము కంటే పైకి ఉండకూడదు. కాబట్టి యాప్‌లో "బాగుంది" అంటే నీకు బాగోలేదని చాలాసార్లు. "బాగోలేదు", "చిన్నగా ఉంది" అని బూడిద రంగులో పెడతాడే, ఆ రోజు రా.

రెండోది నెల. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా దగ్గర నైరుతి గాలి గట్టిగా ఉంటాది, కెరటాలూ పెద్దవే. మా తీరం తిన్నగా ఉత్తర దక్షిణాలుగా ఉండదు, నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటాది, ముఖం ఆగ్నేయం వైపు. అంచేత నైరుతి గాలి తీరం పొడుగునా గీసుకుంటూ పోతాది. నీళ్లూ దాంతోపాటే పక్కకి లాక్కెళ్తాయి. నువ్వు దిగిన చోటు ఒకటి, పది నిమిషాల తర్వాత తేలిన చోటు ఇంకొకటి అయ్యుంటాది, అవునా?

నల్గొండ_నురుగు
అవునన్నా! మా బ్యాగులు పెట్టిన గొడుగు ఏడున్నదో దొరకలే. ఎవడో ఎత్తుకపోయిండనుకున్నం.

మిర్యాల_బియ్యంబస్తా
గొడుగు పోలే, మీరే పోయిన్రు 😂

లెక్కల_సార్_సూర్యాపేట
నేను సర్ఫింగ్ చేయను. కానీ ఆ 1.6 అనే అంకెను చదివే తీరు చెప్పాలనిపించింది. అది ఒక్క అల ఎత్తు కాదు. కొంతసేపట్లో వచ్చిన అలలన్నిటినీ ఎత్తు ప్రకారం వరుసగా పేర్చి, పైనున్న మూడో వంతు అలల సగటు తీస్తే వచ్చేది అది. కాబట్టి చాలా అలలు అంతకన్నా చిన్నగా ఉంటాయి. అప్పుడప్పుడు మాత్రం ఒకటి దానికి దాదాపు రెండింతలు వస్తుంది. కొన్ని గంటలు నీళ్లలో ఉన్నవాడికి అది తగలడం వింత కాదు.

ఇంకా ముఖ్యమైనది, అలలోని శక్తి ఎత్తుకు వర్గంగా పెరుగుతుంది. 0.8 మీటర్ల అలకూ 1.6 మీటర్ల అలకూ తేడా రెండింతలు అనుకుంటారు, శక్తిలో నాలుగింతలు. పీరియడ్ పెరిగినా శక్తి పెరుగుతుంది, ఒకే మీటరు ఎత్తున్నా 7 సెకన్ల అల కన్నా 14 సెకన్ల అల సుమారు రెండింతల శక్తి మోసుకొస్తుంది. పైగా అలాంటిది లోతు తగ్గే చోటికి వచ్చేసరికి ఇంకా పైకి లేస్తుంది.

లోతు సంగతి కూడా చెప్తాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది. అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోట విరుగుతుంది. 0.6 మీటర్ల అల 0.8 మీటర్ల నీళ్లలో విరుగుతుంది, అంటే నడుముకు అటూ ఇటూ. పడినా కాళ్లు నేలకు ఆనుతాయి. 1.6 మీటర్ల అల విరిగేది 2 మీటర్ల పైన లోతులో. అక్కడ మీరు నిలబడలేరు. మీ పిల్లగాడు మోకాళ్ల దాకానే అన్నది ఊరికే కాదు.

పాలమూరు_పోరడు
సార్ మీరు మాకు టెన్త్‌ల చెప్పి ఉంటే ఫిజిక్స్‌ల పాసైతుంటి.

లెక్కల_సార్_సూర్యాపేట
నేను లెక్కలు మాత్రమే చెప్తాను. ఫిజిక్స్ వేరే సారు.

సాగర్_గట్టు
గింత దూరం ఎందుకు, నాగార్జునసాగర్ల చేస్తే కాదా? గాలి బాగ కొట్టిన నాడు లాంచీ ఊగుతది, అలలు మస్తుగ ఉంటయి.

లెక్కల_సార్_సూర్యాపేట
అవి అప్పటికప్పుడు గాలి లేపిన అలలు. గాలి ఎంత గట్టిగా, ఎంతసేపు, ఎంత పొడుగు నీళ్ల మీద వీస్తే అల అంత పెరుగుతుంది. సాగర్‌లో ఆ పొడుగు లేదు. రెండు మూడు సెకన్లకోసారి చిన్నచిన్నవి వచ్చి గట్టుకు తగులుతాయి, అంతే. రుషికొండకు వచ్చేవాటిలో కొన్ని దక్షిణ మహాసముద్రంలో తుఫాన్లు లేపినవి. 16 సెకన్ల అల గుంపు గంటకు 45 కిలోమీటర్ల దాకా నడుస్తుంది. రోజుకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. అంటే మన దాకా రావడానికి అయిదారు రోజులు. అందుకే వాటిని ముందే చెప్పగలుగుతారు.

సాగర్_గట్టు
మరి డ్యాం గేట్లు లేపినప్పుడు కింద?

మిర్యాల_బియ్యంబస్తా
గేట్లు లేపినప్పుడు పోలీసులు నిన్ను లేపుతరు.

గద్వాల్_జరీ
నేను మహాబలిపురం దిక్కు నేర్చుకున్న. మా దిక్కోళ్లకు అదే సులువు. కాచిగూడ చెంగల్పట్టు ఎక్స్‌ప్రెస్ మహబూబ్‌నగర్, గద్వాల మీదికెళ్లే పోతది. చెంగల్పట్టుల దిగితే మహాబలిపురం 30 కిలోమీటర్లు. కోవళం కూడ దగ్గర్నే, కేరళ కోవళం కాదు, చెన్నై కిందిది. అక్కడ నేర్పేటోళ్లు చానమంది ఉన్నరు, చాలావరకు జాలర్ల ఇండ్ల పిల్లలే. 2025 ఆగస్టుల ఆసియా పోటీలు మహాబలిపురంలనే అయినయి. రమేశ్ బుదిహాళ్‌కు కాంస్యం వచ్చింది.

ఉప్పుగాలి అన్న చెప్పినదాంట్ల ఒకటి నేను ఒప్పుకోను. కొత్తోళ్లకు ఎత్తు ఒక్కటే చూడొద్దు, గాలి చూడాలె. నేను పోయిన ఒక రోజు యాప్‌ల 0.9 మీటర్లే. కానీ సముద్రం మీదికెళ్లి ఒడ్డు దిక్కు గాలి కొడుతున్నది. అలలు ఒకదానెన్క ఒకటి వరుసగ రాకుండ, ఏది ఏడ విరుగుతదో తెల్వకుండ గజిబిజి. బోర్డు మీద పండుకుంటనే ముక్కుల నీళ్లు. మర్నాడు పొద్దుగాల అదే 0.9, గాలి నేల మీదికెళ్లి సముద్రం దిక్కు. నీళ్లు ఇస్త్రీ చేసినట్టున్నయి. లైన్లు లైన్లుగ వస్తున్నయి, అల దాటినంక ఊపిరి తీసుకునే టైం దొరికింది. ఆ పొద్దే నిలవడ్డ.

రుషికొండ_ఉప్పుగాలి
గాలి ముఖ్యం కాదని నేను అనలేదమ్మా. కానీ తెల్లనీళ్లలో నేర్చుకునేవాడికి గాలి అడ్డం వచ్చినా కొంత పని జరుగుతాది, ఎత్తు అడ్డం వస్తే అసలు జరగదు. ముందు ఎత్తు, తర్వాత గాలి.

గద్వాల్_జరీ
నడుము దాకున్న అల మీద కూడ గాలి 15 నాట్లు ఎదురు కొడితే బోర్డు చేతుల ఉండదన్నా. తొమ్మిది అడుగుల ఫోం బోర్డు పట్టుకొని నీళ్లల్ల నిలవడితే తెలుస్తది. నాది అయిదడుగుల ఎత్తు, ఎగిరిపోతనేమో అనుకున్న.

రుషికొండ_ఉప్పుగాలి
అదీ నిజమే. నేను ఆరడుగులు, ఆ బాధ తెలీదు.

పాలమూరు_పోరడు
అక్కా నేల మీదికెళ్లి గాలి పొద్దుగాలనే ఎందుకు వస్తది?

గద్వాల్_జరీ
ఆరో తరగతి సోషల్ మర్చిపోయినవా. రాత్రి నేల తొందరగ సల్లబడ్తది, సముద్రం వెచ్చగనే ఉంటది. గాలి నేల నుంచి సముద్రం దిక్కు పోతది. పొద్దెక్కినంక నేల కాగుతది, గాలి తిరుగుతది. మధ్యాహ్నానికి సముద్రం గాలి గట్టిగ పడ్తది. అందుకే నేర్పేటోళ్లు ఆరింటికే రమ్మంటరు. పది దాటినంక పోతే నురుగన్నకు అయినట్టే అయితది.

నల్గొండ_నురుగు
టిఫిన్ మీదికి వచ్చింది కథ. ఆ ఇడ్లీ పెట్టినోన్ని ఏమనాలె.

దేవరకొండ_పెద్దాయన
అందరు అల గురించి చెప్తున్నరు, ఈత గురించి ఒక్కలు చెప్తలేరు. మా ఊర్ల పిల్లలు బాయిల ట్యూబు కట్టుకొని నేర్చుకుంటరు. బాయి నీళ్లు ఏడికి పోవు, గోడ పట్టుకోవచ్చు. సముద్రానికి గోడ లేదు. మనోళ్లు సూర్యలంక పోయి, చీరాల పోయి మునిగిపోయిండ్రని ఎండాకాలం వచ్చిందంటే పేపర్ల చూస్తనే ఉన్నం. మీరు సర్ఫింగ్ అని పేరు పెట్టుకుంటే నీళ్లు భయపడవు. ఇది చెప్పినందుకు నన్ను తిట్టినా సరే.

నల్గొండ_నురుగు
తిట్ట పెద్దాయనా. మా నలుగుర్ల ఇద్దరికి ఈత రాదు. ఫోం బోర్డుకు తాడు ఉంటది, మడమకు కట్టుకుంటం, మునగరు అని చెప్పిండ్రు.

రుషికొండ_ఉప్పుగాలి
పెద్దాయన మాట కొట్టిపారేయొద్దు. తాడు తెగుతాది. తెగినప్పుడు బోర్డు ఒడ్డుకెళ్తాది, నువ్వు అక్కడే ఉంటావు. ఈత రాని వాళ్లకి నడుము లోతు, పక్కన నేర్పేవాడు, ఒంటికి లైఫ్ జాకెట్, ఈ మూడూ లేకుండా వద్దు.

లోపలికి లాగే ప్రవాహం గురించి కూడా చెప్పేస్తాను. మా బీచ్‌లలో ప్రాణాలు ఎక్కువ పోయేది దానివల్లే. కెరటాలు ఒడ్డుకి తోసిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలి కదా, ఇసుక దిబ్బల మధ్య సందు చూసుకుని ఒకే దారిలో పోతాయి. పైనుంచి చూస్తే అక్కడ కెరటాలు విరగవు, నురుగుండదు, రంగు కొంచెం ముదురు. రెండు పక్కలా తెల్లగా విరుగుతుంటే మధ్యలో నిమ్మళంగా ఒక పాయ. బయట ఊర్ల నుంచి వచ్చినవాళ్లు "ఇక్కడ అలలు లేవు, పిల్లల్ని ఇక్కడ దింపుదాం" అని సరిగ్గా అందులోనే దిగుతారు. నా కళ్లతో చూశాను, ఓ కుటుంబం చాపేసుకుని, పకోడీ పొట్లం విప్పి, పిల్లాడికి చొక్కా విప్పుతున్నారు. లైఫ్‌గార్డ్ ఈల వేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వాళ్లకి కోపం, మంచి చోటు చూసుకుంటే లేపేస్తున్నాడని.

ఆ ప్రవాహంలో పడితే ఒడ్డు వైపు ఈదకు. ఎంత ఈతగాడైనా దానికి ఎదురీది గెలవడు. బోర్డు ఉంటే దాన్ని వదలకు, మీద పడుకుని చెయ్యెత్తు. లేకపోతే తేలు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి కదిలితే కొంత దూరంలో లాగుడు తగ్గుతాది, కెరటాలు విరిగే చోటు నుంచి వెనక్కి రా.

దేవరకొండ_పెద్దాయన
ఇది మంచిగ చెప్పినవ్. ఇది యాప్‌ల వస్తదా?

రుషికొండ_ఉప్పుగాలి
రాదు. ఇసుక దిబ్బలు వారం వారం జరుగుతుంటాయి. పెద్ద కెరటాలు వచ్చి వెళ్లాక నిన్న లోతున్న చోట ఇవాళ మెరక ఉంటాది. మాది ఇసుక అడుగు బీచ్, అందుకే నిలకడ తక్కువ. రాళ్లున్న చోట కెరటం ఎప్పుడూ ఒకే దగ్గర విరుగుతాది గానీ పడితే ఒళ్లు కోసుకుపోతాది. కొత్తవాళ్లకి ఇసుకే నయం.

సాగర్_గట్టు
రుషికొండకు బ్లూ ఫ్లాగ్ ఉన్నది గద, అంటే సేఫ్ అన్నట్టే గద?

రుషికొండ_ఉప్పుగాలి
2020లో వచ్చింది. అది నీళ్ల శుభ్రం, సౌకర్యాలు, లైఫ్‌గార్డులు, ఇలాంటివి చూసి ఇచ్చేది. ఆ రోజు కెరటం ఎలా ఉందో ఆ జెండా చెప్పదు. లైఫ్‌గార్డులు పాతే ఎర్ర జెండా చూడు, అదొచ్చి ఉంటే దిగకు.

లెక్కల_సార్_సూర్యాపేట
ఒక సంగతి ఎవరూ అనలేదు. దేశానికంతా సముద్రం సంగతి చెప్పే కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇన్‌కాయిస్, ప్రగతినగర్‌లో. 1999లో పెట్టారు. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా అక్కణ్నుంచే. అల ఎత్తు, పీరియడ్, దిశ, గాలి అన్నీ ఉచితంగా ఇస్తారు. విశాఖ దగ్గర సముద్రంలో వాళ్ల తేలే బోయ ఉంది, అది కొలిచిన అల ఎత్తు కూడా చూడొచ్చు. యాప్‌లలో ఉండేది కంప్యూటర్ అంచనా, బోయలో ఉండేది నిజంగా కొలిచినది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే యాప్ ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

మిర్యాల_బియ్యంబస్తా
సముద్రం ఒక్క బొట్టు లేని ఊర్ల కూసొని సముద్రం సంగతి చెప్తున్నరా. మనోళ్లు గ్రేట్.

పాలమూరు_పోరడు
పెద్దాయనా విన్నవా, సముద్రం మనకెందుకో తెలిసిందా ఇప్పుడు 😄

దేవరకొండ_పెద్దాయన
విన్న. ఆ హెచ్చరికలు చూసేటోడు ఎవడు అని నా బాధ. 2024 మే నెలల కన్యాకుమారి జిల్లాల అయిదుగురు డాక్టరు చదివే పిల్లలు బీచ్‌ల కొట్టుకపోయిండ్రు. ఆ రోజులల్ల పెద్ద అలల హెచ్చరిక నడుస్తనే ఉండె.

లెక్కల_సార్_సూర్యాపేట
నిజం. అవి ఎక్కడో దూరాన పుట్టి వచ్చే అలలు. ఇక్కడ గాలి ఉండదు, ఎండ కాస్తుంటుంది, చూసేవాళ్లకు అనుమానమే రాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. అందుకే 14, 16 సెకన్లు కనిపిస్తే ఎత్తు తక్కువున్నా కొత్తవాళ్లు దిగకూడదని నా లెక్క.

రుషికొండ_ఉప్పుగాలి
సారు నీళ్లలో దిగకుండానే సరిగ్గా చెప్పారు. దానికి తోడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను ఎక్కడో అండమాన్ దగ్గరున్నా మాకు కెరటాలు లేస్తాయి. తుఫాను పేరు వార్తల్లో వచ్చిందంటే టికెట్ క్యాన్సిల్ చేసుకో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాణ్ని, నాతో వాదించకండి.

నల్గొండ_నురుగు
ఎవరు వాదిస్తరన్నా. సరే, ఇప్పుడు సంక్రాంతి అయినంక ఒక శనివారానికి యాప్ చూపిస్తున్నది పెడుతున్న. అల 0.7 మీటర్లు, 9 సెకన్లు, దక్షిణ ఆగ్నేయం. గాలి పొద్దుగాల 6కు వాయవ్యం 5 నాట్లు, 12కు తూర్పు 11 నాట్లు. గీత బూడిద రంగు, "బాగలేదు". చదివి చెప్పున్రి.

గద్వాల్_జరీ
అన్నా ఇది నీకోసం రాసిపెట్టిన రోజు. 6కు వాయవ్యం అంటే అక్కడ నేల మీదికెళ్లి వచ్చే గాలే. తొమ్మిది, తొమ్మిదిన్నర లోపు బయటికి రా.

రుషికొండ_ఉప్పుగాలి
ఒప్పుకుంటాను. జనవరి, ఫిబ్రవరి మా దగ్గర కెరటాలు చిన్నవే, కొత్తవాళ్లకి అనువు. కానీ ఇంకా ఎన్ని రోజులుంది? వారం పైన ఉంటే ఆ అంకెల్ని నమ్మకు. కెరటాల ఎత్తు మూడు నాలుగు రోజుల ముందు బాగానే కలుస్తాది. గాలి కలవదు. యాప్ వెనకున్న కంప్యూటర్ అంచనా, అదే మోడల్, సముద్రాన్ని గడులుగా కోసి లెక్కేస్తాది, పెద్ద మోడల్‌లో ఒక్కో గడి పాతిక కిలోమీటర్లుంటాది. రుషికొండ కొండ, వంపు తిరిగిన ఒడ్డు దానికి కనబడవు. ముందు రోజు సాయంత్రం మళ్లీ చూసుకో.

ఆటుపోట్లు చూశావా? అది పెట్టలేదు.

నల్గొండ_నురుగు
అది కూడ చూడాల్నా? గుజరాత్‌ల మాదిరి ఎక్కువ ఉండదన్నరు గద.

రుషికొండ_ఉప్పుగాలి
ఉండదు. భావ్‌నగర్‌లో 10 మీటర్లు దాటుతాది, మా దగ్గర అమావాస్య పున్నాలకి కూడా ఒకటిన్నర మీటరు లోపే. కానీ ఒడ్డు వాలుగా ఉన్న చోట ఆ మీటరే ఆట మార్చేస్తాది. నీళ్లు బాగా పైకొచ్చినప్పుడు కెరటం దూరంగా విరగకుండా సరిగ్గా ఒడ్డు మీదే ధబీమని పడతాది. నీ దవడకి తగిలింది అలాంటిదే అయ్యుంటాది. నీళ్లు సగానికి దిగినప్పుడు కెరటం కాస్త లోపల విరిగి నురుగు పొడుగ్గా వస్తాది, అందులో నేర్చుకోవాలి. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాది. శనివారం టైమే ఆదివారం అనుకోకు.

పాలమూరు_పోరడు
అంటే ఎత్తు చూడాలె, సెకన్లు చూడాలె, గాలి చూడాలె, పోటు చూడాలె, తుఫాను చూడాలె. గింతకన్న గ్రూప్ టూ రాసుడు నయం.

మిర్యాల_బియ్యంబస్తా
గ్రూప్ టూ నోటిఫికేషన్ కన్న అల ముందు వస్తది పో.

గద్వాల్_జరీ
గంత భయపడకు తమ్మి. నేర్పేటోళ్లకు ముందు రోజు ఫోన్ చేసి "రేపు కొత్తోళ్లకు నడుము అల ఉంటదా, ఎన్నింటికి రావాలె" అని అడుగు. సరిగ్గ చెప్పేటోడు "ఆరుంబావుకు రండి" అని టైం చెప్తడు. "ఎప్పుడన్న రండి, ఎప్పుడన్న బాగుంటది" అన్నోని దగ్గరికి పోకు.

ఇంకోటి, బోర్డును నీకు అలకు మధ్యల అడ్డంగ పెట్టుకోవద్దు. పక్కకు పెట్టుకో, ముక్కు అల దిక్కు ఉండాలె. పడేటప్పుడు తల కిందికి పెట్టి దూకకు, వెడల్పుగ వెల్లకిల పడు. లేచేటప్పుడు ముందు చెయ్యి తల మీద పెట్టుకొని లే, బోర్డు యాడున్నదో తెల్వదు. మాకు మొదటి గంట మొత్తం ఇసుకల్నే చేయించిండ్రు. బోర్డు బొమ్మ గీసి దాని మీద పండుకొని లేచుడు, పండుకొని లేచుడు. పక్కన టీ తాగేటోళ్లు నవ్విన్రు.

నల్గొండ_నురుగు
మాకు ఇసుకల అయిదు నిమిషాలే చేయించిండ్రు అక్కా. ఇప్పుడు సమజైంది.

సాగర్_గట్టు
ఆడోళ్లు ఏం బట్టలు వేసుకుంటరు? మా చెల్లె అడగమన్నది, నేను కాదు.

గద్వాల్_జరీ
పొడుగు చేతుల ఈత బనీను, మోకాళ్ల కిందికి టైట్ ప్యాంటు. చున్నీ, వదులు కుర్తా అసలే వద్దు, నీళ్లల్ల బరువైతయి, తాడుకు చుట్టుకుంటయి. నేను వయసు మీద పడ్డ అత్తగారి ముందే గట్ల వేసుకొని దిగిన, ఆమె గొడుగు పట్టుకొని వీడియో తీసింది.

మిర్యాల_బియ్యంబస్తా
అత్తగారికి దండం.

దేవరకొండ_పెద్దాయన
సూర్యలంక దగ్గర గద, అక్కడ ఈ నేర్పుడు ఉంటదా? నల్గొండకు అదే దగ్గర.

రుషికొండ_ఉప్పుగాలి
దగ్గరని వెళ్లొద్దు పెద్దాయనా. బోర్డు అద్దెకిచ్చేవాడు, నేర్పేవాడు, లైఫ్‌గార్డు, ఈ ముగ్గురూ ఒకే చోట ఉన్న బీచ్‌కే వెళ్లమనండి. మచిలీపట్నం మంగినపూడి అయితే మరీ, నల్లమట్టి, చాలా దూరం లోతుండదు, కెరటం ఒడ్డుకొచ్చేలోపే చచ్చిపోతాది. స్నానానికి బాగుంటాది.

పాలమూరు_పోరడు
నురుగన్నా శనివారం ఖాయమైతే నేను కూడ వస్త. గద్వాలక్క చెంగల్పట్టు రైలు చెప్పింది గాని నాకు ఒక్కనికి భయం.

నల్గొండ_నురుగు
రా. నల్గొండల ఎక్కుదాం. సంక్రాంతి వాపస్ రద్దీ ఉంటది, అటు పోయేటప్పుడు మాత్రం సీట్లు దొరుకుతున్నయి. గురువారం రాత్రి మల్ల అంకెలు చూసి ఇక్కడ పెడ్త, ఉప్పుగాలి అన్న సరే అంటేనే బయలుదేరుతం.

రుషికొండ_ఉప్పుగాలి
నన్ను కాదు, నేర్పేవాణ్ని అడుగు. నేను ఆ శనివారం అరకులో ఉంటాను.

పాలమూరు_పోరడు
లాస్ట్ డౌట్. నాకు కళ్లద్దాలున్నయి, మైనస్ నాలుగు. తీస్తే అల కనబడదు, పెట్టుకుంటే పోతయి.

గద్వాల్_జరీ
పాత జోడీ ఒకటి తెచ్చుకొని తల వెనకకెళ్లి తాడు కట్టుకో, ప్లాస్టిక్ అద్దాలే ఉండాలె. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకొని ఉప్పునీళ్లల్ల దిగకు. నడుము లోతుల నేర్పేటోడు బోర్డును ఎన్కకెళ్లి తోస్తడు, "లే" అని ఒర్లుతడు. మొదట్ల నీకు చెవులుంటే సాలు.